తమంతట తామే అమరెడి అణువులు – కర్బన కాంతి డయోడులు

ఇప్పుడు చాలమంది చేతిలోనున్న సెల్‌ఫోను తెరలలోను, కొన్ని టెలివిజన్లలోను వెలుగునిచ్చునది తీగ కాదు, వాయువు కాదు. అతి పలుచనైన కర్బన పదార్థపు పొర. ఇట్టి దీపమును కర్బన కాంతి డయోడు అందురు. దుకాణములలో దీనికి ఓఎల్ఈడీ అను పేరు. గాజుపలకపై పారదర్శకమైన విద్యుద్వాహకపు పూత, దానిపై రెండు మూడు కర్బన పొరలు, అన్నిటికిని పైన ఒక లోహపు పూత: స్థూలముగా దీపమనగా ఇంతే. కర్బన పొరలన్నిటి మందము కలిపినను సుమారు 100 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. తలవెంట్రుక మందము 70, 80 వేల నానోమీటర్లుండును గనుక ఈ దీపపు మందము వెంట్రుకలో ఏడెనిమిది వందలవ వంతు మాత్రమే.

ఇంత పలుచన ఎందులకు? కర్బన పదార్థములు చాలవరకు విద్యుద్బంధకములు. వానిగుండ విద్యుత్తును నడపవలెనన్న గట్టి విద్యుత్క్షేత్రము కావలెను. 5 వోల్టులను 100 నానోమీటర్ల పొరకు తగిలించినచో మీటరుకు 5 కోట్ల వోల్టుల క్షేత్రము ఏర్పడును. గాలిలో మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులకే నిప్పురవ్వ ఎగురునని విద్యార్థులు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయములో మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీన్ స్ఫటికమును విద్యుత్తుతో వెలిగించిరి. స్ఫటికము మైక్రోమీటర్ల మందము గలది కావుటచే అందుకు వందలకొలది వోల్టులు కావలసివచ్చెను. అట్టి దీపమును ఇంటిలో ఎవరు పెట్టుకొందురు? 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు రెండు పలుచని కర్బన పొరలను ఒకదానిపై నొకటి పేర్చి, 10 వోల్టుల లోపుననే ప్రకాశవంతమైన ఆకుపచ్చని వెలుగును రప్పించిరి. నేటి తెరలన్నియు ఆ పరికరపు సంతతియే అనవచ్చును.

ఆ వెలుగు పుట్టు విధము ఇది. లోహపు పూత బ్యాటరీ ఋణధ్రువమునకు కలుపబడును. అది కర్బన అణువులకు ఎలక్ట్రాన్లను ఇచ్చును. గాజువైపునున్న పారదర్శకమైన పూత ధనధ్రువమునకు కలుపబడును. అది తనను తాకియున్న అణువులనుండి ఎలక్ట్రాన్లను లాగుకొనును. ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకొనిన చోట మిగిలిన ఖాళీని రంధ్రము అందురు. బస్సులో ముందు సీటు ఖాళీ అయినపుడు వెనుకనున్నవారు ఒక్కొక్కరే ముందుకు జరిగినచో ఖాళీయే వెనుకకు నడచినట్లు కనబడును గదా! రంధ్రము నడచుటయు అట్టిదే. ఒకవైపునుండి ఎలక్ట్రాన్లు, రెండవవైపునుండి రంధ్రములు వచ్చి ఒకే అణువుపై కలిసికొన్నపుడు ఆ అణువు ఉత్తేజము పొంది, తిరిగి శాంతించునపుడు కాంతిని వెలువరించును. మామూలు ప్రతిదీప్తి పదార్థములలో ఇట్టి కలయికలు నాలుగింటిలో ఒకటి మాత్రమే కాంతినిచ్చును. మిగిలిన మూడింటినికూడ పనికి తెచ్చు స్ఫురదీప్తి పదార్థములు 1998 నుండి వాడుకలోనికి వచ్చినవి. అది వేరొక కథ.

మనకిక్కడ కావలసినది గడప దగ్గరి సంగతి. రంధ్రము పారదర్శకమైన పూతనుండి కర్బన పొరలోనికి అడుగిడు చోటును దీపపు గడప అనుకొందము. ఆ పూత ఇండియమ్, తగరము అను లోహముల మిశ్రమ ఆక్సైడ్. దానిలోని ఎలక్ట్రాన్‌ను బయటకు తీయుటకు సుమారు 4.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పట్టును. దీనిని పని ప్రమేయము అందురు. కర్బన పొరలోని అణువునుండి ఎలక్ట్రాన్‌ను తీయుటకు సుమారు 5.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను. అనగా గడప ఎత్తు 0.7 ఎలక్ట్రాన్ వోల్టు. ఇది చిన్న సంఖ్యవలె తోచును. కాని గది ఉష్ణోగ్రతవద్ద ఉష్ణచలనము వలన లభించు శక్తి సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. మిక్కిలి సరళమైన లెక్క ప్రకారము, గడప ఎత్తును 0.06 ఎలక్ట్రాన్ వోల్టు తగ్గించిన ప్రతిసారియు దానిని దాటు రంధ్రముల సంఖ్య పదిరెట్లగును. కావున గడపను కొద్దిగా చెక్కినను ఫలితము గొప్పగా నుండును. చెక్కకున్నచో ఒకవైపు ఎలక్ట్రాన్లు గుంపులుగా వచ్చుచుండగా రెండవవైపు రంధ్రములు ఒకటి అరగా వచ్చును. జతదొరకని ఎలక్ట్రాన్లు వెలుగునీయకయే దీపమునుండి దాటిపోయి వేడిగా వ్యర్థమగును.

గడపవద్ద రెండవ చిక్కుకూడ కలదు. ఆక్సైడ్ తలము నీటిని ప్రేమించునది. దానిపై పరచు కర్బన పదార్థము నూనెవంటిది. రెండింటికి పొత్తు కుదరదు. రంధ్రములను నడపుటకు తొలినాళ్లలో మిక్కిలి వాడబడిన టీపీడీ అను పదార్థపు పొర సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటగానే మెత్తబడి, తామరాకుపై నీటివలె చిన్నచిన్న బొట్లుగా ముడుచుకొనిపోవును. దీపము పనిచేయుచున్నపుడు వేడెక్కుట సహజము. పొర ముడుచుకొనిన చోట చీకటి మచ్చ ఏర్పడును.

ఈ రెండు చిక్కులకును ఒకే మందుగా ఒక్క అణువు మందముగల పొరను గడపపై పరచవచ్చును. మరి అంత పలుచని పొరను పరచునదెవరు? ఏ కుంచెతోను, ఏ పనిముట్టుతోను కాదు. అణువులే తమంతట తాము వచ్చి, వరుసగా నిలుచుండి, ఖాళీ స్థలము నిండగానే ఆగిపోవలెను. దీనినే స్వయంకూర్పు అందురు. ఇది ఇంద్రజాలమువలె తోచవచ్చును గాని దీని చరిత్ర నూరేండ్లకు పైబడినది.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణములో ఆగ్నెస్ పాకెల్స్ అను యువతి వంటఇంటిలో గిన్నెలు కడుగు నీటిపై జిడ్డు ఎట్లు పరచుకొనుచున్నదో గమనించి, రేకుతొట్టితో తలతన్యతను కొలుచు సాధనమును తానే చేసికొన్నది. ఆ కాలమున అక్కడి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె తన ఫలితములను ఇంగ్లండులోని రాలే ప్రభువునకు వ్రాయగా, ఆయన ఆ ఉత్తరమును 1891లో 'నేచర్' పత్రికలో అచ్చువేయించెను. అటుపిమ్మట అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1917లో నీటిపై తేలు కొవ్వు ఆమ్లముల పొర ఒక్క అణువు మందముండుననియు, అణువుల తలలు నీటిలోను తోకలు గాలిలోను నుండుననియు తేటపరచెను. 1932లో ఆయనకు రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి వచ్చినది. ఆయనతో పనిచేసిన కాథరిన్ బ్లాడ్జెట్ నీటిపైని పొరను గాజుపలకపైకి ఎత్తు పద్ధతిని సాధించెను. 1938లో ఆమె 44 అణువుల మందముగల సబ్బుపొరను గాజుపై పేర్చి, కాంతిని ప్రతిఫలించని గాజును తయారుచేసినది. ఆ పొర మందము నూరు నానోమీటర్లకు కాస్త అటుఇటుగా నుండును. నేటి కర్బన దీపపు మందముకూడ అంతే!

అణువు మందమును పాఠశాలలోనే కొలిచి చూపవచ్చును. ఒక భాగము ఓలియిక్ ఆమ్లమునకు వేయి భాగములగునట్లు ఆల్కహాల్ చేర్చి ద్రావణము చేయుడు. వెడల్పైన శుభ్రమైన పళ్లెములో నీరుపోసి, నీరు నిలకడగా నిలిచిన పిదప లైకోపోడియమ్ పొడిని పలుచగా చల్లుడు. అది దొరకనిచో ముఖమునకు రాచుకొను సన్నని పౌడరు సరిపోవును. నడుమ ఒక్క చుక్క ద్రావణమును విడిచినచో పొడి చటుక్కున పక్కకు తొలగి గుండ్రని ఖాళీ ఏర్పడును. ఒక ఘనసెంటీమీటరు ద్రావణమునకు 50 చుక్కలు వచ్చునట్లయిన, ఒక చుక్కలోని ఆమ్లము ఘనసెంటీమీటరులో 50 వేలవ వంతు. ఖాళీ వ్యాసము సుమారు 11 సెంటీమీటర్లున్నచో దాని వైశాల్యము ఇంచుమించు 100 చదరపు సెంటీమీటర్లు. ఘనపరిమాణమును వైశాల్యముచే భాగించగా మందము 2 నానోమీటర్లని తేలును. పళ్లెమునకు జిడ్డు ఏమాత్రమున్నను లెక్క తప్పును. కావున కడుగుటలో బద్ధకము పనికిరాదు.

నీటిపైని పొర తేలుచున్న పొర. దీపములో అది నిలువదు, వేళ్లూనుకొనవలెను. 1946లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియమ్ జిస్మన్, ఆయన సహచరులు ద్రావణములో ముంచినంతమాత్రముననే కొన్ని అణువులు ఘనతలముపై ఒంటిపొరగా అమరునని చూపిరి. 1980లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జేకబ్ సాగివ్ సిలికాన్, క్లోరిన్ కలిగిన అణువులను గాజువంటి తలములకు అంటించెను. 1983లో బెల్ ప్రయోగశాలలలో రాల్ఫ్ నజ్జో, డేవిడ్ అల్లారా గంధకము కలిగిన అణువులను బంగారముపై అమర్చిరి. వీనిలో ప్రతి అణువునకు మూడు భాగములుండును: తలమును పట్టుకొను తల, పొరుగువానితో ఒరసికొని నిలుచు మొండెము, బయటివైపు చూచు తోక.

ఇండియమ్ తగరపు ఆక్సైడ్ తలముపై ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు, అనగా హైడ్రాక్సిల్ సమూహములు, గడ్డిపరకలవలె మొలచియుండును. సిలికాన్-క్లోరిన్ తలగల అణువు వానిని సమీపించినపుడు క్లోరిన్, హైడ్రోజన్ కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లముగా వెడలిపోవును. సిలికాన్ ఆక్సిజన్‌తో సమయోజనీయ బంధము కట్టుకొనును. ఫాస్ఫరస్ ఆమ్లపు తలగల అణువులుకూడ ఇట్లే పట్టుకొనును. తలముపైని హైడ్రాక్సిళ్లు అయిపోవుసరికి చర్య ఆగిపోవును. ఏలయన, కొత్తగా వచ్చు అణువునకు కనబడునది తోకలే. తోకకు మరొక తలను పట్టుకొను గుణము లేదు. ద్రావణములో పలకను ఇంకొక గంట ఉంచినను పొర మందము మారదు. స్వయంకూర్పునందలి అసలు బలము ఇదియే అని నా అభిప్రాయము. అమరుటకన్న సకాలమున ఆగుట గొప్ప. అయితే తేమ విషయమున జాగ్రత్త వహింపవలెను. ద్రావణములో నీరు ఎక్కువైనచో సిలికాన్ అణువులు తలమును వదలి తమలో తామే గుదిగ్రుచ్చుకొని గడ్డలు కట్టును.

ఇక ఈ ఒంటిపొర గడప ఎత్తును ఎట్లు తగ్గించును? అణువులో ఒక కొన కొంచెము ధనావేశము, రెండవ కొన కొంచెము ఋణావేశము కలిగియున్నచో దానిని ద్విధ్రువము అందురు. ఇట్టి అణువులన్నియు ఒకే దిక్కునకు తిరిగి నిలిచినపుడు తలముపై ఒక పలుచని కండెన్సర్ ఏర్పడినట్లగును. దాని రెండు ముఖముల నడుమ కొంత పొటెన్షియల్ భేదముండును. లెక్క కట్టి చూతము. చదరపు నానోమీటరుకు 4 అణువులు, ఒక్కొక్కదాని ద్విధ్రువ భ్రామకము 1 డిబై అనుకొందము. నీటి అణువునకు ఇది 1.85 డిబైలు. భ్రామకమును అణువుల సాంద్రతచే గుణించి, శూన్యపు పర్మిటివిటీచే భాగించిన 1.5 వోల్టులు వచ్చును. పొర పదార్థపు సాపేక్ష పర్మిటివిటీ 2.5 అనుకొని దానిచే భాగించిన మిగులునది 0.6 వోల్టు. మన గడప ఎత్తు 0.7 అనుకొన్నాము గదా! ఒక్క అణువు మందముగల పొర దాదాపు గడపనంతను చదును చేయగలదన్నమాట. ఇందుకు ఋణావేశపు కొన బయటివైపునకు ఉండవలెను. ఫ్లోరిన్ కలిగిన తోకలు ఇందుకు తగినవి. దిక్కు తలక్రిందులైనచో గడప ఎత్తు పెరుగును. నిజమైన పొరలలో అణువులు ఏటవాలుగా నిలుచుటచేతను, సందులుండుటచేతను లాభము ఈ లెక్కకన్న తక్కువగా నుండును. 1996లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చెందిన ఐ. హెచ్. క్యాంబెల్ మున్నగువారు లోహపు ఎలక్ట్రోడ్లపై ఒంటిపొరలను పరచి, ద్విధ్రువపు దిక్కును బట్టి గడప ఎత్తును పెంచవచ్చును, తగ్గించవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపిరి.

రెండవ చిక్కును, అనగా పొర ముడుచుకొనుటను, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో టోబిన్ మార్క్స్ బృందము చేపట్టినది. వారి ఉపాయము సులభమైనది. రంధ్రములను నడపు టీపీడీ అణువునకే సిలికాన్-క్లోరిన్ తలలను తగిలించిరి. ఆ తలలు ఆక్సైడ్‌ను పట్టుకొనును. మిగిలిన దేహము పైనవచ్చు టీపీడీ పొరకు స్వజాతిదే. నూనెకును నీటికిని మధ్యవర్తిగా సబ్బు నిలిచినట్లు ఈ పొర రెండింటిని కలిపి పట్టుకొనును. దీనిపై పరచిన టీపీడీ వేడిచేసినను బొట్లుగా విడిపోలేదు. రంధ్రములు లోనికి వచ్చుటయు మెరుగుపడినది.

ఒకే పొరతో ఆగక మెట్లుగా కట్టు పద్ధతికూడ కలదు. గెరో డెకర్, ఆయన సహచరులు 1990 దశకపు తొలినాళ్లలో దీనిని వృద్ధిచేసిరి. ధనావేశము గల పాలిమర్ ద్రావణములో పలకను ముంచి, కడిగి, ఋణావేశము గల పాలిమర్‌లో ముంచి, మరల కడుగవలెను. ప్రతి ముంపునకు తలముపైని ఆవేశము మారుచుండును గనుక తరువాతి పొర అంటుకొనును. అదే ఆవేశముగల అణువులు ఇక చేరలేవు. ఇక్కడను ఆగుట తనంతట తానే జరుగును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో రిచర్డ్ ఫ్రెండ్ బృందమువారు ఈ పద్ధతితో పది నానోమీటర్లకు లోపుండు గడపను మెట్లుమెట్లుగా కట్టిరి. ఎత్తైన గడప ఒక్కటి ఉండుటకు బదులు చిన్నచిన్న మెట్లు ఉన్నచో రంధ్రములు సులభముగా ఎక్కివచ్చును. 2000 సంవత్సరమున వారు ప్రకటించిన ఆకుపచ్చని దీపము 5 వోల్టులకే చదరపు మీటరుకు 1,600 క్యాండెలాల ప్రకాశమునిచ్చెను. లోనికి పంపిన ప్రతి నూరు ఎలక్ట్రాన్లకు ముందువైపునకు వెలువడిన ఫోటాన్లు ఆరు. ఆరేనా అని తీసిపారవేయరాదు. పుట్టిన కాంతిలో పెద్దభాగము సంపూర్ణాంతర పరావర్తనముచే గాజులోను పొరలలోను చిక్కుకొనిపోవును. దానినికూడ లెక్కించి దీపములోపల నూటికి 15 నుండి 20 ఫోటాన్లు పుట్టుచున్నవని వారు అంచనా కట్టిరి. ప్రతిదీప్తి పదార్థమునకు గరిష్ఠము 25 అని పైన చెప్పిన నాలుగింటిలో ఒకటి లెక్కవలన తేలును గదా.

ఇంత చక్కని పద్ధతి ఉండగా దీపమునంతను ఇట్లే ఏల కట్టరాదని తెలివిగల విద్యార్థి అడుగును. ముంపునకు ఒక నానోమీటరు చొప్పున నూరు నానోమీటర్లకు నూరు ముంపులు, నూరు కడుగుళ్లు కావలెను. ముంపునకు పది నిమిషములనుకొన్నను పదునారు గంటలు దాటును. అదిగాక నీరు, అయానులు పొరలలో చిక్కుకొని దీపపు ఆయుర్దాయమును తగ్గించును. శూన్యములో పదార్థమును వేడిచేసి ఆవిరిగా పరచు పద్ధతి పెట్టుబడి ఎక్కువ కోరును, పదార్థములో చాలభాగము గోడలకంటి వృథాయగును. అయినను పని త్వరగా ముగియును, పొర శుభ్రముగా వచ్చును. నేటి సెల్‌ఫోను తెరలు అట్లే తయారగుచున్నవి. అణువులు తామే దీపమును కట్టుకొనునని వ్రాయువారు ఈ భేదమును మరచుచున్నారు. స్వయంకూర్పు కట్టునది గడపనే. ఇల్లు కట్టునది ఇంకను శూన్యపాత్రయే.

అయితే శూన్యములో పరచిన అణువులుకూడ పూర్తిగా అడ్డదిడ్డముగా పడవు. టాంగ్, వాన్ స్లైక్ వాడిన అల్యూమినియమ్ సమ్మేళనమును చీకటిలో ఆవిరిగా పరచి చూడగా, 560 నానోమీటర్ల పొరకు ఇరువైపుల 28 వోల్టుల భేదము తనంతట తానే ఏర్పడినదని 2002లో జపాను పరిశోధకులు ప్రకటించిరి. అణువులలో కొద్దిపాటి భాగము ఒకే దిక్కునకు మొగ్గుటయే దీనికి కారణము. వెలుతురు పడగానే ఆ వోల్టేజి మాయమాయెను. సన్నని కడ్డీలవంటి అణువులు పొరలో అడ్డముగా పరుండుట, దానివలన కాంతి బయటకు సులభముగా వచ్చుట కూడ గమనింపబడినవి. కట్టు బంధము లేకుండనే అణువులు పాటించు ఈ క్రమమును అదుపులోనికి తెచ్చుటకు ఇప్పుడు గట్టి కృషి జరుగుచున్నది.

గడప విషయములో ఇటీవలి ముందడుగు సౌరఘటముల వైపునుండి వచ్చినది. దీపములలో గడపను చదును చేయుటకు చాలకాలముగా పెడాట్ అను వాహక పాలిమర్‌ను వాడుచున్నారు. అది పదుల నానోమీటర్ల మందముగల ఆమ్లపు పొర. క్రమముగా క్రిందనున్న ఆక్సైడ్‌ను తినివేయును. లిథువేనియాలోని కౌనాస్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు, బెర్లిన్‌లోని హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రమువారు కలిసి కార్బజోల్ దేహము, ఫాస్ఫరస్ ఆమ్లపు తల గల చిన్న అణువులను తయారుచేసి, ఒంటిపొరగా పరచి, 2020లో పెరావ్‌స్కైట్-సిలికాన్ జంట సౌరఘటమునకు 29.15 శాతపు సామర్థ్యమును సాధించిరి. సౌరఘటములో రంధ్రము బయటకు వచ్చు గడపయే దీపములో లోనికి వచ్చు గడప. కావున అవే అణువులను కర్బన దీపములలోను పరిశోధకులు వాడి చూచినారు.

ఒంటిపొరలో మిగిలిన లోపము సందులే. ఆక్సైడ్ తలము ఎంత నునుపైనదైనను దానిపై నానోమీటర్ల ఎత్తుగల గుట్టలు, గుంటలు ఉండును. పొర మందమేమో ఒకటి రెండు నానోమీటర్లు. హైడ్రాక్సిళ్లు ఒకచోట దట్టముగాను మరొకచోట పలుచగాను మొలచును. జిడ్డు ఉన్నచోట అసలే ఉండవు. అందుచేత పలకను ముంచుటకు ముందు సబ్బునీటితోను, అసిటోన్‌తోను, ఆల్కహాల్‌తోను వరుసగా కడిగి, ఆరబెట్టి, పిదప అతినీలలోహిత కిరణములు, ఓజోన్ వాయువు కలిపి సోకునట్లు కొన్ని నిమిషములు ఉంచుదురు. ఓజోన్ మిగిలిన జిడ్డును కాల్చి, తలముపై కొత్త హైడ్రాక్సిళ్లకు చోటుచేయును. అట్లు శుభ్రపరచిన పలకను ఆలస్యము చేయక వెంటనే ద్రావణములో ముంచవలెను. గాలిలో ఊరక ఉంచినచో గదిలోని జిడ్డు ఆవిరులు మరల దానిపై చేరును.